అంగుళం సందు

సోలాపూర్ తూర్పు పేటల్లో మంచు అంటే ఎండాకాలం తోపుడుబండి మీద అమ్మే బర్ఫ్ గోలా, అంతే. మే నెలలో 42 డిగ్రీలు దాటే ఊరు. అలాంటి ఊళ్లో, అక్కల్‌కోట రోడ్డు ఎం.ఐ.డి.సి.లో, ఒక టర్కీ టవళ్ల కార్ఖానాలో సాంచాల, అంటే మరమగ్గాల, మధ్య నిలబడి, మంచు రోడ్డు మీద కారు ఎలా నడపాలో ఒక కుర్రవాడు పాఠం చెప్పాడు.

కుర్రవాడు మాలక్ కొడుకు. అందరికీ చిన్న మాలక్. ముత్తాత కరీంనగర్ దిక్కు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చాడు. తాత రెండు సాంచాలు పెట్టాడు. తండ్రి వాటిని ఇరవై నాలుగు చేశాడు. ఇతను వర్జీనియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. 2022 ఆగస్టులో నారళి పున్నమికి, అదే మన జంధ్యాల పున్నమికి, మార్కండేయ మహాముని రథం చూడ్డానికి వచ్చాడు. రథం అయిన మర్నాడు రాత్రి, కొత్తగా దింపిన సాంచాలు చూపిస్తానని తండ్రి కార్ఖానాకు తీసుకువచ్చాడు. వాళ్లు లోపలికి అడుగుపెట్టారో లేదో కరెంటు పోయింది.

ఇరవై నాలుగు సాంచాలు ఒక్కసారి ఆగితే ఆ షెడ్డులో చెవులు గుయ్యిమంటాయి. రాత్రి పాళీ వాళ్లు ఆరుగురు కండెల పెట్టెల మీద కూలబడ్డారు. చార్జింగ్ లైటు వెలుగులో దూది నలుసులు ఇంకా తేలుతూనే ఉన్నాయి. ఊరికే కూర్చోలేక జాబర్ తాత అడిగాడు. నలభై ఏళ్లుగా ఆ పేటలో ఏ సాంచా మొరాయించినా పిలుపు ఆయనకే.

"ఆడ మంచు పడ్తదంట గద చిన్న మాలక్. కారెట్ల నడుపుతవ్?"

అమెరికా నుంచి వచ్చినవాణ్ణి జీతం ఎంతని కాకుండా పని సంగతి అడిగినవాడు అప్పటిదాకా ఒక్కడూ లేడు కాబోలు, కుర్రవాడి మొహం వెలిగింది.

"కనపడే మంచుతోటి అంత భయం లేదు తాతా. మెల్లగ పోతే టైరు పట్టుకుంటది. కనపడంది ఇంకోటుంటది. రోడ్డు మీద నీళ్లు అద్దంలెక్క పలచగ గడ్డ కడ్తయి. కింద తారు కనపడ్తది కాబట్టి నల్లగ, ఉత్త తడి లెక్కనే ఉంటది. అది ముందుగాల వంతెనల మీద కడ్తది. మామూలు రోడ్డుకు కింద నేల వేడుంటది, వంతెనకు కింద కూడా గాలే గద."

"బ్రేకెయ్యాలె మరి," అన్నాడు మాలక్.

"గట్టిగ కొడితే చక్రం ఆగుతది నాయినా, కారు ఆగదు. ఇప్పటి కార్లకు ఏ.బి.ఎస్. ఉంటది. గట్టిగ తొక్కితే పెడలు కాలి కింద గడగడ వణుకుతది. భయపడి కాలు తియ్యొద్దు, తొక్కే ఉంచాలె. వెనక భాగం కుడి దిక్కు జారితే స్టీరింగు కూడ కుడికే తిప్పాలె."

మూల సాంచా మీది పోరడు ఒప్పుకోలేదు. కుడికి జారితే ఎడమకు గదా తిప్పాలె అన్నాడు. జవాబు జాబర్ తాతే చెప్పాడు. "సైజింగుల గంజి ఒలికిన బండ మీద జారినవా ఎప్పుడన్న? ఎదురు గుంజుకున్నోని నడుము ఇరుగుతది. జారిన దిక్కే ఒంగినోడు నిలవడ్తడు." చిన్న మాలక్ సంబరపడిపోయాడు. తనకు నాలుగు వీడియోలు చూస్తేగాని ఎక్కని సంగతి అది.

ముందు బండికీ మనకూ ఎంత దూరం ఉండాలో కూడా చెప్పాడు. పొడి రోడ్డు మీద మూడు సెకన్లు చాలట, మంచు మీద ఎనిమిది నుంచి పది కావాలట. అంత సందిస్తే సోలాపూర్‌లో మూడు రిక్షాలు, ఒక గేదె దూరుతాయని ఎవరో అన్నారు. రోడ్ల మీద ఉప్పు చల్లుతారంటే, తినే ఉప్పేనా అని ముక్కున వేలేసుకున్నారు. చలి సున్నాకు పది డిగ్రీలు కిందికి దిగితే ఆ ఉప్పు కూడా సరిగ్గా పనిచేయదన్నాడు.

అప్పుడు అసలు కథ చెప్పాడు.

ఆ ఏడే జనవరి 3. రిచ్‌మండ్ నుంచి వాషింగ్టన్ దిక్కు పోయే 95వ నంబరు హైవే. ముందు వాన పడింది. వానలో ఉప్పు చల్లితే కొట్టుకుపోతుందని చల్లలేదు. తర్వాత అదే తడి మీద అడుగు మందాన మంచు పడింది. పెద్ద లారీలు అడ్డం తిరిగాయి. వందల బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి, వాటిలో తన కారూ ఒకటి. కొందరు ఒక పగలూ ఒక రాత్రీ దాటి రోడ్డు మీదే ఉన్నారు. టిమ్ కేన్ అనే సెనేటరుకైతే పార్లమెంటుకు చేరడానికి 27 గంటలు పట్టింది.

"ఎం.పి. కూడా ఇరుక్కున్నడా?" అందరికీ ఒకటే ఆనందం.

"ఇరుక్కున్నడు. పక్క కారోళ్లు నారింజపండ్లు పంచుతుంటే ఒకటి తీసుకున్నడంట. రొట్టెల లారీ ఒకటి ఆగింది. జనం కంపెనీకి ఫోన్ చేస్తే మాలకే తెరిచి పంచుమన్నడు."

ఆ మాటకు ఆరుగురూ తమ మాలక్ వంక చూశారు. ఆయనా ఇబ్బందిగా నవ్వాడు. ఒక మాట చెప్పాలి, మాలక్ చెడ్డవాడు కాడు. జాబర్ తాత కూతురి పెళ్లికి వడ్డీ లేకుండా అప్పిచ్చాడు. పండక్కి ఎవరినీ వట్టి చేతులతో పంపలేదు.

"మరి రాత్రంత ఎట్ల ఉన్నవ్ బిడ్డా?"

"డిక్కీల అమ్మ పెట్టిన మన చద్దర్లు రెండున్నయి. ట్యాంకు సగం పైన ఉంది. చలికాలం సగానికి తగ్గనియ్యొద్దు, అది మొదటి పాఠం. గంటకు పది నిమిషాలే ఇంజను. ఇంజను వేసే ముందు ప్రతిసారి దిగి, వెనక పొగగొట్టం చుట్టూ మంచు తీసెయ్యాలె. అది మూసుకపోతే పొగ లోపలికి తిరుగుతది. కార్బన్ మోనాక్సైడ్ అంటరు. వాసన లేదు, రంగు లేదు. నిద్రొచ్చినట్టుంటది. గంతే. అందుకే ఇంజను నడిచినప్పుడల్ల, గాలి కొట్టని దిక్కు కిటికీ ఒక అంగుళం దించి పెట్టాలె."

"గంత చలిల కిటికీ తెరిచినవా!"

"చలి పెడితే వణుకుతం, తెలుస్తది, ఏదో ఒకటి చేసుకుంటం. గాలి చెడిపోతే తెల్వదు తాతా, అదే కష్టం. మా దగ్గర అయిన నాలుగు రోజులకే పాకిస్తాన్‌ల ముర్రీ అని కొండల ఊరుంది, మంచు చూద్దామని పోయినోళ్లు కార్లల్ల ఇరుక్కపోయిండ్రు. ఇరవై మందికి పైన పోయిండ్రు. పిల్లలు కూడా. చలికి అద్దాలు బిగించుకొని, హీటరేసుకొని పండుకున్నోళ్లు కొందరు లేవనే లేదు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. జాబర్ తాత బీడీ తీసి నోట్లో పెట్టుకున్నాడు. చుట్టూ ఉన్న దూది గుర్తొచ్చి మళ్లీ చెవి మీదికి ఎక్కించాడు.

"ఒకటడుగుత చిన్న మాలక్. ఆ కార్లల్ల ఉన్నోళ్లకు తెలివొచ్చి బయటికి ఉరుకుదామంటే, తలుపు బయటికెల్లి తాళమేసి ఉంటే?"

చిన్న మాలక్ ఫక్కున నవ్వాడు. "మనుషులను లోపల పెట్టి బయటి నుంచి తాళం ఎవడేస్తడు తాతా? అక్కడైతే జైల్ల ఏస్తరు."

మాలక్ కూడా నవ్వాడు. మూల సాంచా మీది పోరడు తాత వంక ఒకసారి చూసి, కండెలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

కరెంటు వచ్చింది. సాంచాలు అందుకున్నాయి. ఇక ఎవరి మాట ఎవరికీ వినపడదు. మాలక్ ఒక చుట్టు తిరిగాడు. ఉక్కపోతకు తాళలేక ఎవరో గోడ వైపు కిటికీ చెక్క ఒకటి పక్కకు జరిపారు. పోరణ్ణి సైగ చేసి పిలిచి, చెక్క మళ్లీ బిగించే దాకా అక్కడే నిలబడ్డాడు. బయటి గాలి తగిలితే తేమ పోతుంది, తేమ పోతే పోగు తెగుతుంది. అది తాతల నాటి లెక్క.

అమెరికాలో కూడా ఇలాగే అర్ధరాత్రి కొడుకు ఒక్కడే కారులో వస్తుంటాడు కదా అనుకుంటూ ఆయన బయటికి నడిచాడు. కొడుకు అప్పటికే కారెక్కి, ఏ.సి. వేసుకుని, ఫోను చూసుకుంటున్నాడు. మాలక్ ఇనుప షట్టరు కిందికి లాగాడు. పోయిన దీపావళికి నూలు కోన్లు రెండు బస్తాలు మాయమయ్యాయి, అప్పటి నుంచి ఇదే రివాజు. వంగి, రెండు పక్కలా రెండు తాళాలు వేశాడు. ఒక్కోదాన్ని గుంజి చూశాడు. తాళంచెవులు అంగీ లోపలి జేబులో వేసుకున్నాడు. అవి మళ్లీ బయటికి వచ్చేది పొద్దున ఏడింటికే.

కారులో కూర్చుని, కొడుకు చెప్పినట్టే ముందు బెల్టు పెట్టుకున్నాడు. తర్వాత తన పక్క అద్దం దించాడు. ఎక్కువ కాదు, ఒక్క అంగుళం.

"ఏ.సి. నడుస్తుంది గద నాయినా, అద్దమెందుకు దించినవ్?" అన్నాడు కొడుకు ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

"నువ్వే చెప్తివి గద బిడ్డా," అన్నాడు మాలక్. "మూసిన దాంట్ల మనుషులుంటే పానానికే మోసమని."