నీలినీళ్ల పాలన

మా ఊరు మునిసిపాలిటీ అయి చాలా ఏళ్లయింది. బస్టాండుంది, కోర్టుంది, ఒకప్పుడు రెండు సినిమా హాళ్లుండేవి, వాటి స్థలంలో ఇప్పుడు రెండు కల్యాణ మండపాలున్నాయి. కుక్కలు మాత్రం పంచాయతీ రోజుల నుంచీ ఉన్నవే. పన్ను కట్టవు, ఖాళీ చెయ్యవు. వాటిని అదుపులో పెట్టడానికి మావాళ్ల దగ్గర ఒక పరికరం ఉంది. కూల్‌డ్రింకు తాగేసిన సీసాలో నీళ్లు పోసి, బట్టలకు పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు వేసి, మూత బిగించి గేటుకు కట్టడం. గేటు లేనివాళ్లు అరుగు మీద నిలబెడతారు. కుక్క ఆ సీసాను చూసి హడలిపోయి, ఎత్తబోయిన కాలు దించేసి పక్కింటికి పోతుందట. పక్కింట్లోనూ సీసా ఉంటే ఆ పక్కింటికి. ఈ లెక్కన మా వీధి కుక్కలు బిగబట్టుకుని ఊరు దాటాలి.

దాటలేదు. సోమవారం తెల్లవారుజామున నడకకు వెళ్లేవాళ్లెవరైనా చూడొచ్చు. సీసా కట్టిన గేటు, గేటు కింద కుక్క, గాలిలో దాని కాలు. మా వీధిలో రిటైరైన లెక్కల మాస్టారొకరు ఏకంగా ఆరు సీసాలు కట్టారు. "పెట్టాక బాగా తగ్గిందండీ" అంటారు. ఎంత తగ్గింది మాస్టారూ అంటే చెప్పరు. గట్టిగా అడిగితే, "సీసా లేకపోతే ఇంకా ఎక్కువ చేసేవి" అంటారు. ఈ వాదానికి జవాబు లేదు. ఈ ఒక్క వాదం మీద ఈ దేశంలో బోలెడు పథకాలు నడిచాయి, కొన్ని ప్రభుత్వాలు కూడా.

రంగు విషయంలో ఊళ్లో రెండు పక్షాలున్నాయి. మాది నీలం. చెరువు వీధి వాళ్లది ఎరుపు, వాళ్లు కుంకుమ కలుపుతారు. కుక్క కంట్లో రంగును పట్టే కణాలు రెండు రకాలే, మనకు మూడు. 1989లో అమెరికాలో కుక్కలకు పరీక్ష పెట్టి మరీ తేల్చిన సంగతి ఇది. నీలం, పసుపు వాటికి తేడా తెలుస్తాయి. ఎరుపు మాత్రం మసక మట్టిరంగులో కలిసిపోతుంది. అంటే చెరువు వీధి సీసాలో కుక్కకు కనిపించేది మురిక్కాలవ నీళ్లు. ఈ మాట చెప్పగానే మా నీలం పక్షం వాళ్లు ఎగిరి గంతేశారు. కనపడటం వేరు, భయపడటం వేరు అని నేను నోరు తెరిచేలోపే విజయోత్సవానికి వెళ్లిపోయారు. అన్నట్టు ఈ తెలివి మన ఒక్కళ్ల సొత్తు కాదు. జపాన్‌లో పిల్లులు రాకుండా ఇళ్ల ముందు మామూలు నీళ్ల సీసాలు పెడతారు. వాటిలోంచి ఎండ ఒక్కచోట పడి నిప్పంటుకోవచ్చని అక్కడి అగ్నిమాపక శాఖ వాళ్లు జనాన్ని హెచ్చరిస్తారు.  

సోమవారం అర్జీల రోజు కూడా. రాత్రిపూట బండి మీద వస్తుంటే కుక్కలు వెంటపడుతున్నాయని ఎవరో ఒకరు కాగితం ఇస్తారు. ఇక్కణ్ణుంచి మునిసిపాలిటీ వారి సీసా మొదలవుతుంది. అది కాస్త పెద్దది, దానికి నాలుగు చక్రాలుంటాయి.

మంగళవారం ఆ బండి వస్తుంది. నలుగురు మనుషులు, రెండు వలలు. కరిచే కుక్క ఆ ఇంజను చప్పుడు రెండు వీధుల అవతల నుంచే గుర్తుపట్టి సందులోకి జారుకుంటుంది. దొరికేవి ఏవయ్యా అంటే, మనిషి కనిపిస్తే తోకాడించుకుంటూ ఎదురెళ్లేవి. ఇన్నాళ్లూ అన్నం పెట్టిన చేతుల్ని నమ్మినందుకు అవి బండెక్కుతాయి. వాటిని తీసుకెళ్లి కాలవ అవతల, పక్క పంచాయతీ పొలిమేరలో దింపి వస్తారు. రిజిస్టరులో సమస్య పరిష్కారమైంది. అర్జీదారుడి ఫోనుకు సందేశం కూడా వస్తుంది.

బుధవారం రాత్రి మా వీధిలో ఎవరికీ నిద్ర ఉండదు. ఖాళీ అయిన చోటికి రైలుగేటు వైపు కుక్కలూ, మార్కెట్టు కుక్కలూ ఒకేసారి వస్తాయి. అధికారం ఎవరిదో తేలేదాకా అరుపులే. తిండి ఉన్నచోట కుక్క లేకుండా ఉండటం ఎక్కడా జరగదు. ఒకదాన్ని తీస్తే ఇంకొకటి వస్తుంది, వచ్చేది కొత్తది, మన మొహాలు దానికి తెలియవు. గురువారం నాటికి పక్క పంచాయతీ వాళ్లు కూడా ఊరుకోరు. ట్రాక్టరు మీద మావాటిని మాకు తెచ్చి అప్పగిస్తారు, మర్యాదకు తమవి రెండు కలిపి.

ఇదంతా చట్టం తెలియక జరుగుతోందనుకోకండి. 2001 నుంచీ నిబంధనలున్నాయి, 2023లో కొత్తవి వచ్చాయి. పట్టిన కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యాలి, రేబిస్ టీకా వెయ్యాలి, గుర్తుగా చెవి కొస కాస్త కత్తిరించాలి, పట్టిన చోటే వదలాలి. 2025లో సుప్రీంకోర్టు కూడా దీని మీద చాలా శ్రమపడింది. ఆగస్టు 11న ఢిల్లీ వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. 22న ముగ్గురు జడ్జీల ధర్మాసనం దాన్ని మార్చి, ఆపరేషనూ టీకా అయ్యాక తిరిగి అక్కడే వదలమంది, రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప. నవంబరు 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి తీసేసినవాటిని మళ్లీ అక్కడ వదలొద్దంది. మా కిళ్లీకొట్టు దగ్గర ఈ మూడు ఉత్తర్వులూ ఒకే పూట అమల్లో ఉంటాయి. ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకుని దెబ్బలాడుకుంటారు. కుక్కంటే పడనివాళ్లు మొదటిది, బిస్కెట్లు వేసేవాళ్లు రెండోది. మూడోదాన్ని బస్టాండు కుక్క బెంచీ కింద పడుకుని వింటుంది.

బిస్కెట్లు వేసేవాళ్ల గురించి కూడా ఒక మాట. పొద్దున్నే పొట్లం విప్పి, ఫొటో దిగి, పుణ్యం ఖాతాలో వేసుకుని వెళ్లే పెద్దమనుషులున్నారు. మంచిదే. ఆ కుక్కను పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లి ఒక టీకా వేయించండి బాబూ అంటే మాత్రం, "అది మా కుక్క కాదండీ" అంటారు. తిండికి మాది, టీకాకు ఊరిది.

శుక్రవారం కరుస్తుంది. ఈసారి పాలు పోసే కుర్రాడి పిక్క. చుట్టూ మూగినవాళ్లలో ఒకరు కారం అద్దమంటారు, ఒకరు సున్నం, ఒకరు కాఫీపొడి. ఫలానా ఊళ్లో పసరు పోస్తారు, ఒక్క మోతాదుతో సరి అని ఇంకొకరు. ఒక ముసలాయన బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల కథ ఎత్తుకుని కుర్రాణ్ణి సగం చంపుతాడు. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ పాత మందు మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది, కథ మాత్రం ఆగలేదు. ఇంతమందిలో సబ్బు తెచ్చినవాడు లేడు. గాయాన్ని సబ్బు పెట్టి ధారగా పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఇప్పుడు సూది భుజానికి. చర్మంలోకి వేసే పద్ధతిలో నాలుగు విడతలు, మొదటి రోజును సున్నా అనుకుంటే తర్వాతవి 3, 7, 28 రోజులకు. గాయం నుంచి రక్తం వస్తే దాని చుట్టూ వేసే మందు వేరే ఉంది, అదీ అడగాలి. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండమని కూడా చెబుతారు. మా ఊళ్లో ఇది ఎలా కుదురుతుంది? శుక్రవారం కరిచిన కుక్క మంగళవారం బండెక్కి కాలవ దాటిపోతుంది.

ఇక్కడ నవ్వడం కుదరదు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు లేదు. రేబిస్ సోకని కుక్కలు కూడా ప్రాణాలు తీస్తాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ణి వీధి కుక్కలు చంపేశాయి. ఆ వారమంతా ప్రతి ఊళ్లోనూ బండ్లు తిరిగాయి. మా ఊళ్లో సీసాలు రెట్టింపయ్యాయి.

శనివారం కౌన్సిలు సమావేశముంటే కుక్కల మీద ఆవేశంగా మాట్లాడతారు. ఆదివారం ఆ కౌన్సిలర్లే చికెన్ కొట్టు ముందు వరసలో ఉంటారు. ఆ కొట్ల వెనక కాలవ గట్టున పేగులు, ఈకలు, తలలు గుట్టగా పడి ఉంటాయి. ఊళ్లో ఉన్న ప్రతి కుక్కకూ అది ఉచిత భోజన పథకం, ఆధార్ అడగరు. కల్యాణ మండపాల వెనక ముహూర్తాల రోజుల్లో రెండో పంక్తి ఉంటుంది. ఆ తిండి తిని కార్తీకంలో జతకట్టిన కుక్క రెండు నెలలకు అరడజను కంటుంది. ఆ పిల్లల్ని మా వీధి వాళ్లే గోనెపట్టా మీద పడుకోబెట్టి పాలు పోస్తారు. ఆరు నెలలు తిరిగేసరికి వాటి కోసమే కొత్త సీసా కడతారు. మాకు కుక్కలు తగ్గక్కర్లేదు. ఏదో చేసినట్టు కనబడితే చాలు, గేటు మీదైనా రిజిస్టరులోనైనా.

పని జరిగే దారి రహస్యమేమీ కాదు. ఊళ్లో కుక్కల్లో నూటికి డెబ్బైకి తగ్గకుండా టీకా పడితే వాటిలో రేబిస్ వ్యాపించడం ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటి నుంచో చెబుతోంది. గోవాలో ఏళ్ల తరబడి వలలు పట్టుకుని వీధి వీధీ తిరిగి టీకాలు వేశారు. 2021లో ఆ రాష్ట్రాన్ని రేబిస్ అదుపులో ఉన్న ప్రాంతంగా ప్రకటించారు. అక్కడా వలలే, ఇక్కడా వలలే. వాళ్ల వల వెనక సూది ఉంది, మా వల వెనక కాలవ ఉంది.

ఈసారి మీ కౌన్సిలర్ గారు వీధిలోకి వస్తే ఆయన్ని రెండు అంకెలు అడగండి. ఊళ్లో కుక్కలెన్ని, అందులో చెవి కొస కత్తిరించినవెన్ని? ఈ రెండూ చెప్పలేకపోతే ఆయన కుక్కల గురించి చెప్పే ఇంకే మాటా వినకండి.