బోరు పోయెనన్న: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

మైదుకూరు నాలుగు రోడ్ల కూడలికి అల్లంత దూరంలో ఒక రిపేరు షెడ్డు. వక్త మెకానిక్కు. శ్రోత గడ్డి కోసే మిషను యజమాని, అనగా ఈ వ్యాఖ్యాత. కాలం, పసుపు తవ్వే ముందు ఆకు కోసే కాలం. వక్త పలికింది వచనమే. బాధలో ఉన్న చెవికి ఆటవెలదిగా వినిపించింది.

పద్యం

బోరు పోయెనన్న! పోదాము కొత్తకా?
తాడు లాగి లాగి దండ నొచ్చె;
బాగుజేతునన్న, పైసలు నీవియె;
పాత యినుము గట్టి, బరువె గాని.

ప్రతిపదార్థం

అన్న = ఓ అన్నా (రెండుసార్లు పిలిచాడు కనుక బిల్లు పెద్దదని గ్రహించాలి); బోరు = సిలిండరు లోపలి గోడ; పోయెను = గీతలు పడి పాడైనది; కొత్తకా పోదాము = కొత్త మిషనుకు పోదామా (పోయేటప్పుడు బహువచనం, డబ్బు కట్టేటప్పుడు ఏకవచనం); తాడు = స్టార్టరు తాడు; దండ = జబ్బ; నొచ్చె = నొప్పి పుట్టెను (ఎవరిదో చెప్పలేదు; నాదే); పైసలు నీవియె = స్పష్టం; బరువె గాని = దీనికి వేరే వ్యాఖ్య కావాలి.

తాత్పర్యం

ఓ అన్నా, దీన్ని బాగుచేయొచ్చు, కొత్తది కొనొచ్చు. ఏది చేసినా తప్పు నాది కాదు.

విశేషాలు

ఇందులో అలంకారం శ్లేష. కేసీ కాలువకు నీళ్లు రాని ఏడు బోరే దిక్కైన సీమలో ‘బోరు పోయింది’ అనే మాట ఊరికే అనకూడదు. ఫోన్లో ఇంటికి చెబితే, "ఎన్ని అడుగుల కాడ?" అని ఇంటావిడ గొంతు వణికింది. ఇక బో-కు, పో-కు యతి కుదిరింది. బోరూ పోవడమూ మొదటినుంచీ చుట్టాలే.

కారణ విచారం: ఇది టూ స్ట్రోక్ ఇంజను. దీనికి వేరే ఆయిలు గుంట లేదు. పెట్రోలులో కలిపిన ఆయిలే పిస్టనుకూ బోరుకూ తడి. నిష్పత్తి 1:50 అయితే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 1:25 అయితే 40. మనవాడు ఒకరోజు వట్టి పెట్రోలు పోసి గట్టంతా కోశాడు. మర్నాడు తాడు లాగితే బిగువు లేదు. బావిలో బొక్కెన తెగిన చేంతాడులా తేలిగ్గా వచ్చేసింది.

పూర్వకథ: బట్టల మిల్లులో నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి, 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ పచ్చిక కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1971లో హ్యూస్టన్‌లో జార్జ్ బల్లాస్ కార్లు కడిగే బ్రష్షులు చూసి, తిరిగే నైలాను దారంతో గడ్డి కోయొచ్చనుకున్నాడు. వారికి గడ్డి అందం, మాకు గట్టు మీది శత్రువు. మాకు కోయవలసిన అసలు పంట పసుపు. ‘మైదుకూరు’ అనే పసుపు రకమే ఉంది.

మీమాంస: రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే కొనాలని పెద్దల మాట. లేకుంటే పావలా కోడికి ముప్పావలా మసాలా. బ్లాకు, పిస్టను, కూలి కలిపి 2,500, కొత్తది 11,000. లెక్క రిపేరు వైపే ఉంది. అయితే ఇంకా ఎన్ని పంటలు ఆడుతుంది? పక్కనే బ్రహ్మంగారి మఠం ఉన్నా, ఆ కాలజ్ఞానం మాత్రం ఎవరి దగ్గరా లేదు.

పాఠాంతరం: ‘బరువె గాని’ అన్నదాన్ని మెకానిక్కు నిట్టూర్పుగా చదివాడు. షెడ్డు ముందు సైకిలాపిన పాతసామాన్లతను మాత్రం ‘బరువే’ దగ్గర ఆపి, తక్కెడ తీశాడు. రెండు పాఠాలూ సాధువులే. అయితే కొత్తది కొన్నా పెట్రోలు పోసేది అదే చెయ్యి గనుక, వ్యాఖ్యాత రిపేరుకు బయానా ఇచ్చి, గీతలున్న ఆయిలు సీసా ఒకటి కొన్నాడు.

ఫలశ్రుతి

ఈ పద్యం పెట్రోలు పోసేముందు ఒకసారి చదివి, చెప్పిన కొలతకు ఆయిలు కలిపేవారి బోరు చల్లగా ఉండుగాక. రెండో బోరు సంగతి కాలువలో నీళ్లను బట్టి.