మళ్లీ పంటు మీదే!

సెలవులకి అమలాపురం వచ్చిన మా మేనల్లుడు ‘సమ్మర్ టైమ్ రెండరింగ్’ అనే జపాన్ యానిమే మొదటి భాగం చూపించాడు. చిన్ననాటి నేస్తం అంత్యక్రియలకని షింపే అనే కుర్రాడు పడవెక్కి సొంత దీవికొస్తాడు. చంపేస్తారు. కళ్లు తెరిస్తే మళ్లీ జులై 22, మళ్లీ అదే పడవ! గుట్టు తేలేదాకా ఇదే తంతు.

“ఎలా ఉంది మావయ్యా?”

“బానే ఉందిరా. కానీ మన గోదావరి లంకలోళ్లకి ఇది కొత్తేంటి?”

మా కోనసీమ రైలు సంగతే చూడండి: కోటిపల్లి–నర్సాపురం రైలు మార్గం, 57 కిలోమీటర్లు, మంజూరైంది 2000–01లో. అందుకోసం పాటుపడిన అప్పటి లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు 2002లో కన్నుమూశారు. ఆ తర్వాత ఎప్పుడు కళ్లు తెరిచినా అదే సీను: భూసేకరణ, రాష్ట్రం వాటా 25 శాతం, వచ్చే బడ్జెట్టు. అటు కాకినాడ–కోటిపల్లి ముక్క ఇంకా పాత లూపు. 1928లో వేసిన పట్టాలు రెండో ప్రపంచ యుద్ధం కోసం పీకేసి, 2004లో మళ్లీ రైలు నడిపారు.

షింపే చచ్చినప్పుడల్లా, తిరిగి లేచే ఘడియ కాస్త ముందుకు జరుగుతుందట. మన గడువులకీ అదే జబ్బండి, ఆయ్!

యానిమేలో సస్పెన్సు బిగువుగా ఉంది, అయిదుకి నాలుగు మార్కులు. ఒక్కటి ఎందుకు కోశానంటే, వాళ్లు కథని 25 భాగాల్లో తేల్చేశారు. మాది పాతికేళ్లు దాటినా తేల్లేదు.

ఈ ముక్క రాస్తున్నది సఖినేటిపల్లి రేవులో, గోదావరి దాటించే పంటు కోసం చూస్తూ.