పెద్ద అక్షరాలు

భోగి ముందురోజు మాస్టారింటి నుంచి కబురొచ్చింది, టీవీ మీద ‘నో సిగ్నల్’ అన్న ముక్క తప్ప ఇంకేమీ రావడం లేదని. కొట్టు కుర్రాడికి అప్పగించి బయల్దేరాను. తణుకులో నాకు ఎక్కాలు నేర్పిన మనిషి ఆయన.

డాలస్ నుంచి కొడుకు వచ్చాడు. అక్కడ కొత్తగా కొనుక్కున్న ఇంటి ఫొటోలు లాప్‌టాప్‌లో ఉన్నాయి. మాస్టారికి ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండో కన్ను ఇంకా మసకే. ఫోన్లో ఏం చూపించినా, కనిపించకపోయినా, “బాగుందిరా” అనేస్తారు. అందుకని అమ్మగారే పట్టుబట్టారు, ఈసారి టీవీలో చూపించాల్సిందేనని.

“కేబుల్ పోయినట్టుంది, కొత్తది తెచ్చేయ్” అన్నాడు అబ్బాయి.

బొమ్మ రాకపోతే అందరూ ముందు కేబుల్నే తిడతారు. చాలాసార్లు పాపం దాని తప్పేమీ ఉండదు. రిమోట్ తీసుకుని సోర్స్ చూశాను. టీవీ ఒకటో హెచ్‌డీఎంఐ మీద, అంటే సెట్‌టాప్ బాక్సు మీద ఉంది. లాప్‌టాప్ తీగేమో రెండో దాంట్లో ఉంది. మార్చాను. అయినా రాలేదు.

హెచ్‌డీఎంఐ మొనలో 19 పిన్నులుంటాయి. అన్నీ బొమ్మను మోయవు. చివరిదైన 19వ పిన్ను, ఇవతల టీవీ ఉందని లాప్‌టాప్‌కి చెబుతుంది. ఆ కబురు అందాకే లాప్‌టాప్ టీవీని వివరాలడుగుతుంది, నువ్వెవరు, ఎంత బొమ్మ చూపగలవు అని. టీవీ జవాబు చెప్పాక గానీ బొమ్మ బయల్దేరదు. నాకు ఈ ఏర్పాటంటే చాలా ఇష్టం. ఒకరి సంగతి ఒకరు కనుక్కోకుండా అక్కడ ఏదీ మొదలవదు.

టీవీని కాస్త ముందుకు లాగి టార్చి వేశాను. గోడకి ఆనుకుని తీగ మొన వాలిపోయి, సగమే దిగింది. ఆ టీవీ బిగించిన రోజు నాకు బాగా గుర్తు. గోడకి డ్రిల్లు ఆనించబోతుంటే మాస్టారు చెయ్యి పట్టుకున్నారు. “ఆగరా, ఇల్లు అబ్బాయి పేరున రాసేశాను. వాణ్ణి ఓ మాట అడగనీ” అని డాలస్‌కి ఫోన్ చేశాకే కన్నం వేయనిచ్చారు.

తీగ నిటారుగా నొక్కి, ముందు టీవీ, తర్వాత లాప్‌టాప్ ఆన్ చేశాను. తెర నిండా నీలం రంగు కొండ వచ్చింది. అంతే. ఫొటోలు లేవు.

“కొండొచ్చింది గానీ మనుషులు లేరేంట్రా?” అన్నారు అమ్మగారు.

అది ఎక్స్‌టెండ్‌లో ఉంది. అంటే టీవీ వేరే తెర. మనం అటు జరిపిందే అక్కడ కనిపిస్తుంది. విండోస్ మీట, పి కలిపి నొక్కి డూప్లికేట్ పెడితే లాప్‌టాప్‌లో ఉన్నది ఉన్నట్టు టీవీలోనూ వస్తుంది.

“ఫొటోల వరకూ అటు జరిపితే చాలదా?” అన్నాడు అబ్బాయి.

“నువ్వు వెళ్ళాక మళ్ళీ ఎవరు జరుపుతారు? అన్నీ కనిపించేట్టు పెట్టించు నాన్నా” అన్నారు అమ్మగారు.

డూప్లికేట్ పెట్టాను. మాట లాప్‌టాప్‌లోంచే వస్తుంటే సౌండు టీవీకి మార్చాను. మాస్టారి కోసం అక్షరాల సైజు 150 శాతానికి పెంచాను. “ఇప్పుడు చదవగలను” అని ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఒక్కో గదే చూపిస్తున్నాడు అబ్బాయి. వంటగది, పిల్లల గది, వెనక పచ్చిక. అమ్మగారు అరిసెల పిండి చేతులతోనే గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

టుంగుమని మోగి, తెర కింది మూలన ఒక మెసేజ్ తేలింది. పెద్ద అక్షరాలు, తెలుగులో. అబ్బాయి మౌసు అందుకునేలోపే, పాఠం చదివినట్టు గొంతెత్తి మొదలుపెట్టేశారు మాస్టారు.

“సార్, ఎనిమిది సెంట్లు, ఇల్లు, కొబ్బరిచెట్లతో సహా బేరం ఖాయం. రేపే అడ్వాన్సు. పెద్దవాళ్ళని కనుమ దాకా ఉండనిస్తారట. ఆ తర్వాత ఖాళీ చేయించే...”

అక్కడ ఆగారు. మిగిలిన రెండు ముక్కలూ కళ్ళతోనే చదువుకున్నారు. తల తిప్పి కిటికీలోంచి పెరట్లోని కొబ్బరిచెట్ల వైపు చూశారు. కొడుకు వైపు చూడలేదు.

అమ్మగారు మాత్రం చేతులు కొంగుకి తుడుచుకుంటూ లోపలికొచ్చారు.

“ఎవరో పాపం, పండగ పూట ఆ ముసలాళ్ళు ఎక్కడికి పోతారు? ఇంకో నాలుగు నెలలు గడువు ఇవ్వమని నువ్వైనా చెప్పు నాన్నా.”