ముద్ర లేని కవచం

నెల రోజులుగా నేను ముడతల చొక్కాలతో ఆఫీసుకి వెళ్తున్నాను. మా ఇస్త్రీపెట్టె ఇప్పుడు ఆయుధ కర్మాగారంలో పనిముట్టు. దాని అడుగున బూడిదరంగు ఫోమ్ కరిగి, మాడిన అట్టులా అంటుకుపోయింది. గోకితే రాదు. అడిగితే, "హీట్ గన్ కొనేదాకా ఓపిక పట్టు మావయ్యా" అంటాడు మా మేనల్లుడు. వాడిది ఇంజనీరింగ్ మూడో ఏడు. మా ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడని మా చెల్లెలి నమ్మకం.

వాడు కాన్‌కి తయారవుతున్నాడు. కాన్ అంటే సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, కామిక్స్ అభిమానులు ఏడాదికోసారి ఒకచోట చేరి, ఇష్టమైన పాత్రల వేషాలు కట్టి తిరిగే సంబరం. హైదరాబాద్‌లో కామిక్ కాన్ 2013లోనే మొదలైంది. నాకు దాని మీద కోపమేమీ లేదు. 'మాయాబజార్' ఎన్నిసార్లు చూశానో లెక్క తప్పినవాణ్ణి, వేషాలంటే నాకెందుకు కోపం? నా గొడవంతా ఒక్క మాటతో. అక్యురసీ.

వాడు కట్టబోయేది మాండలోరియన్ వేషం. 2019లో మొదలై మూడు సీజన్లు నడిచిన స్టార్ వార్స్ సీరియల్లో కథానాయకుడు. నెత్తిన శిరస్త్రాణం, ఒంటి మీద కవచం, వీపున జెట్‌ప్యాక్. ఎవరి ముందూ శిరస్త్రాణం తీయకూడదన్నది అతని నియమం. బాగానే ఉంది, దీక్షలూ నియమాలూ మనకి కొత్తా అన్నాను. వాడు జాలిగా చూసి, "ఏ ఎపిసోడ్ కవచం అని అడగాలి మావయ్యా" అన్నాడు. మూడో ఎపిసోడ్‌కి ముందు వేరట, తర్వాత వేరట. ఫోన్లో రెండొందల పైచిలుకు ఫొటోలున్నాయి. ముందు నుంచి, పక్క నుంచి, చీకట్లో, వానలో. మా పెళ్ళికి అన్ని ఫొటోలు తీయలేదు.

నడుం పట్టీ రంగు దగ్గర ఆరు రాత్రులు గడిచాయి. గోధుమరంగులో ఎరుపు కలిపాడు, నలుపు కలిపాడు, ఆరబెట్టాడు, ఫోన్ పక్కన పెట్టి చూశాడు, తుడిచేశాడు. మా అమ్మ అటుగా వెళ్తూ, "ఇది బెల్లప్పాకం రంగురా, నీకు కావలసింది చింతపండు పులుసు రంగు" అంది. నెల మొత్తానికి పనికొచ్చిన సాంకేతిక సలహా అదొక్కటే.

ఆవిడే మర్నాడు మహాపరాధం చేసింది. భుజాన వేలాడే ముసుగుగుడ్డని వాడు కొత్తగా కొని, గరుకు కాగితంతో అంచులు అరగదీసి, టీ డికాక్షన్లో నానబెట్టి, అక్కడక్కడ చింపి, బాల్కనీలో వడియాల పక్కన ఆరేశాడు. దీన్ని వెదరింగ్ అంటారు. అంటే, అనేక గ్రహాలు తిరిగినట్టు పాతబరచడం. మా అమ్మ దాన్ని చూసి, "పాపం పిల్లాడు చిరిగిన బట్టతో ఎలా వెళ్తాడు" అని, కళ్ళజోడు పెట్టుకుని, చిరుగులన్నీ సన్నటి కుట్లతో కుట్టి, ఉతికి, మడత పెట్టింది. సాయంత్రం వాడు ఆ మడత విప్పి చూసుకుని మంచం మీద కూలబడ్డ తీరు నేను మరిచిపోలేను. సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయినప్పుడు కూడా అంత దుఃఖం లేదు.

ఇదంతా ఎవరి కోసం అని అడిగాను. "అక్కడ తెలిసినవాళ్ళు ఉంటారు మావయ్యా. పట్టేస్తారు." పట్టేస్తారు! దొంగనోటు మార్చడానికి వెళ్తున్నవాడు అనవలసిన మాట అది. పండగకి వెళ్తున్నవాడు అనేదా?

ఈ పండగ పుట్టుక తెలిస్తే ఇంకా నవ్వొస్తుంది. 1939 జులైలో న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశం జరిగింది. వచ్చింది సుమారు 200 మంది. లాస్ ఏంజెలెస్ నుంచి ఫారెస్ట్ ఆకర్‌మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు వేషాలేసుకుని దిగారు. రెండూ కుట్టింది మర్టిలే. ఏ పాత్ర వేషం? ఏ పాత్రదీ కాదు. రాబోయే కాలపు మనుషులు అన్నారు, అంతే. నీ పట్టీ రంగు తప్పని ఏ మగాడూ అనలేడు. రాబోయే కాలాన్ని ఎవడు చూసొచ్చాడు గనక? ఆ సభలోనూ ఆరుగురిని గుమ్మం దగ్గరే ఆపేశారనుకోండి. అది అభిమాన సంఘాల తగాదా. ఆ విషయంలో మనం వాళ్ళకి నేర్పగలం.

వేషాలకి అసలు నియమాలే వద్దని నేననను. 1972లో లాస్ ఏంజెలెస్ సమావేశానికి ఒక కార్టూనిస్టు తన సొంత కామిక్‌లోని పాత్రగా, ఒంటినిండా వేరుశనగ వెన్న పూసుకుని వచ్చాడు. ఆ పాత్ర ఏమిటో భోజనాల వేళ చెప్పలేను. దీపాల వేడికి అది కరిగి, కుర్చీలకీ పక్కవాళ్ళ బట్టలకీ అంటుకుని, కంపు కొట్టింది. దాంతో వేరుశనగ వెన్న వేషాలు నిషిద్ధం అని రూలు పుట్టింది. ఇదీ రూలంటే. దాని వెనక ఒక కారణం ఉంది, ఒక వాసన ఉంది.

మరి ఈ స్క్రీన్ అక్యురేట్, అంటే తెర మీద ఉన్నట్టే ఉండాలి అనే రూలు వెనక ఏముంది? వాళ్ళు ఇంత భక్తిగా కొలతలు తీస్తున్న ఆ మూలవిరాట్టు సంగతి చూద్దాం. 1977లో వచ్చిన స్టార్ వార్స్‌లో కథానాయకుడు ల్యూక్ చేతిలోని వెలుగు కత్తి పిడి ఏమిటో తెలుసా? గ్రాఫ్లెక్స్ అనే పాత కెమెరాకి ఫ్లాష్ బిగించే గొట్టం. సెట్ సామాన్లు చూసే రోజర్ క్రిస్టియన్ దాన్ని లండన్‌లో ఒక ఫొటో సామాన్ల కొట్లో సంపాదించి, పట్టుకోవడానికి రబ్బరు ముక్కలు అంటించాడు. అయిపోయింది, దివ్యాయుధం! ఇప్పుడు అభిమానులు అక్యురసీ కోసం ఆ పాత గొట్టాలు వెతికి వెతికి కొంటున్నారు. పాత కెమెరాలు దాచుకునేవాళ్ళు ఫ్లాష్‌లు దొరక్క తిట్టుకుంటున్నారు.

ఇంకా ఉంది. 1980లో వచ్చిన రెండో సినిమాలో, ఊరు ఖాళీ చేసే హడావిడిలో ఒకాయన ఒక తెల్ల డబ్బా చంకన పెట్టుకుని పరిగెడతాడు. కన్నార్పితే కనిపించడు. ఆ డబ్బా ఇంట్లో ఐస్‌క్రీం తిప్పుకునే మిషను. చేతికేదో ఒకటి ఇవ్వాలని ఇచ్చుంటారు. అభిమానులు ఊరుకుంటారా? ఐస్‌క్రీం డబ్బాలు చంకన పెట్టుకుని గుంపులు గుంపులుగా కాన్‌లలో పరుగులు తీశారు. చివరికి మావాడి మాండలోరియన్ సీరియల్లో అదే రకం డబ్బా విలువైన లోహం దాచే పెట్టెగా పదోన్నతి పొందింది. మూలవిగ్రహం చెక్కినవాడు చేతికందింది తగిలించాడు. ఉత్సవవిగ్రహం మోసేవాడు మాత్రం మిల్లీమీటర్లు కొలుస్తున్నాడు.

మా చిన్నప్పుడు ఊళ్ళో పౌరాణిక నాటకాలకి అద్దెకొచ్చే కిరీటం ఒక్కటే ఉండేది. లోపల అట్ట, పైన అద్దంబిళ్ళలు, వెనక నూలుతాడు. మొన్న ధర్మరాజుది, నిన్న దుర్యోధనుడిది, ఇవాళ రావణుడిది. ఒకసారి దుర్యోధనుడు చేతి గడియారం విప్పడం మరిచి పడకసీన్‌లోకి వచ్చేశాడు. జనం చూశారు, నవ్వుకున్నారు. పద్యం ఎత్తుకోగానే నవ్వు ఆపేశారు, రాగం పూర్తయ్యాక వన్స్‌మోర్ కొట్టారు. తిరుపతి గంగజాతరలో ఒంటికి బొగ్గు పూసుకుంటే తోటి వేషం, చందనం పూసుకుంటే దొర వేషం. మీసాలున్న మగాళ్ళు చీర కట్టి పూలు పెట్టుకుని అమ్మవారి దగ్గరికి వెళ్తారు. మీసం అక్యురేట్‌గా లేదని అమ్మవారు ఎవర్నీ వెనక్కి పంపినట్టు నేను వినలేదు.

ఈ ఉపన్యాసం వాడికి రెండుసార్లు ఇచ్చాను. వాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడని రెండోసారి చివర్లో తెలిసింది.

ఆ రోజు రానే వచ్చింది. కవచం వేశాక నడుం వంగదని అప్పుడు తెలిసింది. వంగకపోతే కారెక్కలేడు, ఆటో ఎక్కలేడు. కాన్ జరిగే హైటెక్స్‌కి వెళ్ళడానికి కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి నిలబడ్డాం. అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు కోచింగ్ సెంటర్ల పిల్లలు దారిచ్చారు. ఒక పెద్దావిడ శిరస్త్రాణాన్ని వేలితో తట్టి, "ఏ అమ్మవారి మొక్కు నాయనా?" అని అడిగింది. వాడికి లోపల వినపడలేదు. నేనే, "హైటెక్స్ అమ్మవారమ్మా" అన్నాను. ఆవిడ కళ్ళకద్దుకుంది.

హైటెక్స్ లోపల మొదటి పావుగంట బాగానే నడిచింది. ఫొటోలు దిగారు. అప్పుడొచ్చాడు తెలిసినవాడు. పన్నెండేళ్ళుంటాయేమో, చేతిలో మొక్కజొన్న గింజల కప్పు. మావాడి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఒక గింజ నోట్లో వేసుకుని అన్నాడు:

"అన్నా, జెట్‌ప్యాక్ ఉంది. భుజం మీద మడ్‌హార్న్ ముద్ర ఏది? రెండూ మొదటి సీజన్ చివరి ఎపిసోడ్‌లో ఒకేసారి ఇస్తారు కదా. అది లేకుండా ఇది ఎలా వస్తది?"

శిరస్త్రాణం లోపలి ముఖం నాకు కనపడలేదు, చూడక్కర్లేదు కూడా. ఆరు రాత్రులు పట్టీ రంగుకి పోయాయి, ముద్ర సంగతే మరిచిపోయాడు. మెల్లిగా గోడ వారకి నడిచి, కూర్చోలేడు గనక ఆనుకుని నిలబడ్డాడు. "ఇంటికెళ్దాం మావయ్యా" అని లోపలి నుంచి వినిపించింది.

నా జేబులో ఎవరిదో పెళ్ళి శుభలేఖ ఉంది. మడ్‌హార్న్ అంటే ఎలా ఉంటుందిరా అంటే, ఖడ్గమృగంలాంటిదన్నాడు. శుభలేఖ వెనకాల బాల్‌పెన్నుతో గీశాను. కొమ్ము సరిగ్గా కుదరలేదు, మా ఊరి గేదెలా వచ్చింది. చింపి, గుండ్రంగా మడిచి, మా అమ్మ కుట్టిన గుడ్డకున్న పిన్నీసు తీసి భుజానికి గుచ్చాను. ముందు పక్క గేదె, వెనక పక్క నుంచి సుముహూర్తం కనిపిస్తోంది.

పది నిమిషాల్లో నలుగురైదుగురు పోగయ్యారు. జెట్‌ప్యాక్‌ని కాదు, గేదెనే ఫొటో తీస్తున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి దగ్గరగా వంగి చూసి, "ఇది ఏ సీజన్‌లోది?" అని అడిగింది.

మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నడుం మీద చెయ్యి వేసుకుని, గంభీరంగా చెప్పాడు.

"నాలుగోది. ఇంకా తీయలేదు."