లావు అక్షరాల బెదిరింపు

బాలాపూర్ గణపతి లడ్డూ 1994 నాటి తొలి వేలంలో 450 రూపాయలు పలికింది, 2025లో 35 లక్షలు పలికింది. తీపి మాత్రం ఏడు వేల రెట్లు పెరగలేదు. ఏ ఏడు, ఎవరు పాడారు అన్నది తెలియకుండా ఆ అంకెకు అర్థం లేదని ఊళ్లో చిన్నపిల్లాడికీ తెలుసు. అదే ఊరు ల్యాబు రిపోర్టు చేతికొచ్చేసరికి ఈ తెలివంతా మరిచిపోతుంది. లావు అక్షరాల్లో అచ్చయిందల్లా ప్రమాదమనీ, సన్నక్షరాల్లో ఉన్నదల్లా క్షేమమనీ తీర్మానించేస్తుంది. షుగరు, కిడ్నీల సంగతిలో ఆ లావు అక్షరాలు అక్కర్లేని చోట అరిచి, అరవాల్సిన చోట నోరు మూసుకోవడం మామూలే.

క్రియాటినిన్‌నే తీసుకోండి. 1.1 అని వస్తే చాలా రిపోర్టుల్లో అది సన్నక్షరమే. కానీ క్రియాటినిన్ పుట్టేది కండల్లో. ఇరవై ఐదేళ్ల కుర్రాడికి 1.1 ఉంటే కిడ్నీల వడపోత, అంటే ఈజీఎఫ్ఆర్, 95 దాకా లెక్క తేలుతుంది. డెబ్బయ్యేళ్ల అవ్వకు అదే 1.1 వస్తే లెక్క 54కు దిగుతుంది. అరవైకి దిగువన మూడు నెలలు నిలిస్తే దాన్ని దీర్ఘకాల కిడ్నీ జబ్బు అంటారు. అంకె ఒక్కటే, కుర్రాడు జిమ్ముకు పోతాడు, అవ్వ డాక్టరు దగ్గరికి పోవాలి. కానీ రిపోర్టు చూసిన ఇంట్లోవాళ్లు ఇద్దరికీ "నార్మలే" అనేస్తారు. పైగా ముందు రాత్రి మటన్ దట్టించినా క్రియాటినిన్ కాస్త పైకి పోతుంది. అప్పుడు కుర్రాడి ఇంట్లో ఏడుపులు.

షుగరు పరీక్షలో మనది పరీక్ష రాసే విద్యార్థి తెలివి. రెండ్రోజులు జొన్నరొట్టె తిని పరగడుపున రక్తమిచ్చి, సాయంత్రానికి మిర్చిబజ్జీల బండి దగ్గర తేలతాం. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ దగ్గర ఈ కాపీ కుదరదు, సరే. కానీ అదీ హరిశ్చంద్రుడేం కాదు. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న నమ్మకం మీద దాని లెక్క నడుస్తుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లలో ఆ కణాలు ముందే రాలిపోతాయి, అంకె తక్కువ చూపించి మురిపిస్తుంది. ఐరన్ తక్కువైతే ఉన్నదానికన్నా ఎక్కువ చూపించి హడలగొడుతుంది.

ఇక మూత్రం. అందులో షుగరు నాలుగు ప్లస్సులు కనబడితే ఇల్లంతా గగ్గోలు. డపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్ర వేసుకునేవాళ్లకు అలా రావాలి, ఆ మందు చేసే పనే అది. మూత్రంలో షుగరు లేదంటే జబ్బు లేదనుకోవడం ఇంకో పిచ్చి. రక్తంలో 180 దాటితేగాని మామూలుగా అది మూత్రంలోకి దిగదు. అసలు చూడాల్సింది ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి. మామూలు మూత్రపరీక్షలో ప్రోటీన్ "నిల్" అని వచ్చినా ఈ నిష్పత్తి 30 దాటి ఉండొచ్చు. షుగరు కిడ్నీని కొరకడం మొదలెట్టిందన్న తొలి కబురు చాలామందికి అక్కణ్నుంచే వస్తుంది. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, గట్టి వ్యాయామం ఉన్నా అది పెరుగుతుంది కనుక ఒక్కసారి చూసి కంగారు పడొద్దు. మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చేయించి, రెండుసార్లు ఎక్కువొస్తేనే ఖాయం చేసుకుంటారు.

ఇవన్నీ డాక్టరు చూసుకుంటాడు, మనకెందుకంటారా? చేయించని పరీక్షను ఏ డాక్టరూ చదవలేడు. ఒంట్లో ఏ బాధా లేదుగా అంటారా? కిడ్నీ చాలావరకు పాడయ్యేదాకా నొప్పి చెప్పదు, పాపం మొహమాటస్తురాలు. డబ్బులంటారా? తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పేరుతో ప్రభుత్వం 2018 నుంచి ఉచిత పరీక్షలు చేయిస్తోంది. అక్కడ ఏవి దొరుకుతాయో బస్తీ దవాఖానాలో అడిగితే చెప్తారు. షుగరున్నవాళ్లు ఏడాదికోసారైనా ఆ నిష్పత్తీ, ఈజీఎఫ్ఆరూ రెండూ రాయించుకోండి. పాత రిపోర్టులు పారేయకుండా వెంట తీసుకెళ్లండి.