పలకలవారి ఇంటిపేరు

నేను మార్కాపురం పలకను. నాలుగు వైపులా చెక్క చట్రం బిగించి, చేతికి బలపమిచ్చి పిల్లల ముందు పెట్టే రాతి పలకను. నా వయసు నూరు కోట్ల ఏళ్ళకు పైమాటే. ఇప్పుడు నల్లమల ఉన్న చోట అప్పుడు సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న మెత్తటి బురద, మీద పడిన బరువుకూ భూమి లోపలి ఒత్తిడికీ వేడికీ గట్టిపడి నేనయింది. ఆ ఒత్తిడిలో నాలోని అభ్రకపు రేకులన్నీ ఒకే దిక్కుకు సర్దుకున్నాయి. అందుకే ఉలి ఆనించి ఒక్కటి తడితే పలచగా, సాపుగా విడిపోతాను. భూగర్భ శాస్త్రజ్ఞులు మా రాతి వరసకు కంభం ఊరి పేరే పెట్టుకున్నారు.

నన్ను గనిలోంచి తీసిన రోజుల్లో మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది. పై మట్టి, పనికిరాని రాయి తొలగించి, లోపలి బండను గునపాలతో పెకలించి, దాన్ని నీడకు చేర్చి చీలుస్తారు. గనిలోంచి వచ్చిన రాయి పచ్చిగా ఉండగానే చీల్చాలి. ఎండకు ఆరితే మొండికేస్తుంది. నన్ను చీల్చినాయన చెవితో పని చేసేవాడు. సుత్తి దెబ్బకు రాయి పలికే తీరును బట్టి పగులు ఎటు పోతున్నదో చెప్పేవాడు. ఆయన విడదీసిన పలకలు అంచు నుంచి అంచు దాకా ఒకే మందంలో ఉండేవి. చదువు రాని మనిషి. లక్షల మంది పిల్లలు ఓనమాలు దిద్దింది అలాంటి వాళ్ళు చీల్చిన రాతి మీదే.

ఆయన కొడుకులిద్దరిలో పెద్దవాడు గనిలోనే ఉండిపోయాడు. చిన్నవాడు చదువుకుని పంతులయ్యాడు. ఉద్యోగం గిద్దలూరులో వస్తే, మీటర్ గేజి రైల్లో తర్లుపాడు, కంభం మీదుగా నన్నూ వెంట తెచ్చుకున్నాడు. ఆ ఇంట్లో మూడు తరాల పేర్లు నా మీద పడ్డాయి. ఇంటిపేరు మొదటి అక్షరం, పక్కన చుక్క, తర్వాత పేరు. తడి గుడ్డతో తుడిస్తే పోయే పేర్లే. అయినా మనిషి తన పేరు తాను మొదటిసారి రాసుకునేటప్పుడు ఆ చేతిలో ఉండే బలం ఎంతో నాకు తెలుసు.

పంతులుగారు రిటైరయ్యాక నేను ఆయన బల్ల మీదికి చేరాను. చదివే పుస్తకం గాలికి పేజీలు తిరగకుండా బరువుగా పెట్టుకునేవాడు. ఒకరోజు నా కింద ఉన్నది 1918లో వచ్చిన దక్షిణ భారత గ్రామాల పరిశీలన. మద్రాసు విశ్వవిద్యాలయంలో 1915 నుంచి 1921 దాకా భారత ఆర్థికశాస్త్రానికి మొదటి ప్రొఫెసర్‌గా పనిచేసిన గిల్బర్ట్ స్లేటర్ కూర్చిన పుస్తకం. తన విద్యార్థులను సొంత ఊళ్ళకు పంపి, ఎవరికెంత భూమి ఉంది, ఎవరు ఏం తింటున్నారు, ఎవరికెంత అప్పుంది అని అడిగి రాయించినాయన. సెలవులకొచ్చిన మనవరాలు అట్ట మీది పేరు చూసి నన్ను చేత్తో తట్టింది.

"తాతా, స్లేటర్ అంటే ఏంది? వీళ్ళు కూడా మనలాగే పలకలోళ్ళా?"

"గనిలో తీసేవాళ్ళు కాదు తల్లీ, ఇళ్ళ మీద కప్పేవాళ్ళు. వాళ్ళ దేశంలో పూరికప్పు బదులు పలకరాయి కప్పుతారు. ఆ పనోళ్ళ బిడ్డల బిడ్డలకు అదే ఇంటిపేరయింది."

"మరి మన ముత్తాత జీవితమంతా పలకే కదా కొట్టింది? మనకెందుకు రాలేదు?"

ఆ మాటకు పంతులుగారు ఆ పూట బదులు చెప్పలేదు. తర్వాత చాలా రోజులు చరిత్ర పుస్తకాలు తిరగేసి, ఆ పిల్లకు ఫోన్‌లో వివరంగా చెప్పాడు. నేను పక్కనే ఉండి విన్నాను. నా జాతి రాయి పేరున సముద్రాల అవతల ఒక వంశం నడుస్తున్నదని నాకు అప్పుడే తెలిసింది.

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలుచుకునే నాటికి అక్కడి మామూలు జనానికి తరతరాలకూ దిగే ఇంటిపేర్లు లేవు. ఒక ఊళ్ళో నలుగురు జాన్‌లుంటే కమ్మరి జాన్ అనో, వాగొడ్డు జాన్ అనో, రాబర్టు కొడుకు జాన్ అనో పిలిచేవాళ్ళు. పన్నుల చిట్టాలు, కోర్టు కాగితాలు పెరిగే కొద్దీ ఆ గుర్తులు రాతలోకెక్కాయి. 1377 నుంచి 1381 మధ్య మూడుసార్లు వేసిన తలపన్ను జాబితాల్లో పేరు పక్కన వృత్తి చాలాచోట్ల కనిపిస్తుంది. 1413లో వచ్చిన ఒక చట్టం కోర్టు వ్యాజ్యాల్లో ప్రతివాది పేరుతో పాటు అతని పనో హోదానో, నివాసమూ తప్పక రాయమంది. 1538 నుంచి చర్చిలు బాప్తిస్మాలూ పెళ్ళిళ్ళూ ఖననాలూ పుస్తకాల్లో ఎక్కించడం మొదలుపెట్టాయి. ఇన్ని కాగితాల మధ్య తండ్రి పని కొడుకు పేరుకు అంటుకుపోయింది. కొడుకు ఆ పని మానేసినా పేరు మానలేదు.

స్లేటర్ అన్న పేరు అలా వచ్చిందే. అప్పట్లో ఊళ్ళ నిండా గడ్డికప్పులు, మాటిమాటికీ అగ్నిప్రమాదాలు. 1212లో లండన్‌లో పెద్ద మంటలు రేగాక, కొత్త ఇళ్ళకు గడ్డి కప్పకూడదని ఊరి పెద్దలు కట్టడి చేశారు. పలకో పెంకో కప్పగల పనివాడికి గిరాకీ పెరిగింది. అయితే వాళ్ళు కప్పిన రాయి అన్నిచోట్లా నాలాంటి అసలు పలకరాయి కాదు. పలచగా చీలే ఇసుకరాయి, సున్నపురాయి కూడా ఆ లెక్కలోకే వచ్చేవి. అందుకే లాంకషైర్, యార్క్‌షైర్, డెర్బీషైర్ వంటి రాతి ప్రాంతాల్లో ఈ ఇంటిపేరు దండిగా కనబడుతుంది. రాసేవాడి చేతిని బట్టి స్లాటర్ అనీ, స్క్లేటర్ అనీ కొమ్మలు కూడా చీలాయి.

ఇక ఆ పిల్ల అడిగిన ప్రశ్న. ప్రపంచంలో పలకరాయికి పెట్టింది పేరు వేల్స్. అక్కడి పెన్రిన్ గనిలో వేల మంది పనిచేశారు. 1900 నుంచి 1903 దాకా మూడేళ్ళు సమ్మె చేసి పస్తులున్నారు. ఆ గనుల ప్రాంతాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ తీసిన పలకల సైజులకు డచెస్, కౌంటెస్, లేడీ అని ప్రభువర్గపు స్త్రీల బిరుదులు పెట్టి అమ్మారు. రాయికి బిరుదులొచ్చాయి గానీ తీసిన మనిషికి ఆ పనివల్ల ఇంటిపేరు రాలేదు. గని కార్మికుల్లో ఎటు చూసినా జోన్స్, విలియమ్స్, రాబర్ట్స్, అంటే తండ్రులూ తాతల పేర్ల మీద వచ్చినవే.

నాకు అర్థమైంది ఇదీ. ఊరంతటికీ పలక కప్పేవాడు ఒక్కడే ఉంటే ఆ పనితో అతన్ని గుర్తుపడతారు. ఊరంతా పలకే కొడుతుంటే ఆ పని ఎవరికీ ప్రత్యేకమైన గుర్తు కాదు. మార్కాపురం చుట్టుపక్కల గనుల్లో ఒక్కో గుంటలో పదుల మంది దిగేవాళ్ళు. అందులో ఎవరిని పలకలాయన అని పిలవాలి? పైగా గనులకొచ్చే నాటికే వాళ్ళకు ఇంటిపేర్లున్నాయి. తెలుగువాళ్ళ ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఊళ్ళ మీదుగా వచ్చినవి. మనిషి ఊరు వదిలాకే ఆ ఊరు అతనికి ఇంటిపేరవుతుంది. కందుకూరు నుంచి రాజమహేంద్రవరం వెళ్ళిన కుటుంబం కందుకూరివారయింది. వీరేశలింగం పుట్టింది ఆ ఇంట్లోనే. 1970లో ఒంగోలు కేంద్రంగా, మార్కాపురాన్నీ కలుపుకుని ఏర్పడిన జిల్లాకు 1972లో ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఆయన ఇంటిపేరేమో ఆ జిల్లాలోని టంగుటూరు మీదుగా వచ్చింది. దర్శి, అద్దంకి, పొదిలి, కంభం ఊళ్ళు కూడా ఇళ్ళకు పేర్లయ్యాయి. ఇంగ్లండులో పని మనిషిని అంటిపెట్టుకుంది, ఇక్కడ వదిలి వచ్చిన ఊరు అంటిపెట్టుకుంది.

ఇంగ్లండు పేరు మాత్రం కప్పుల మీదనుంచి దిగి ఎక్కడెక్కడికో పోయింది. డెర్బీషైర్‌లోని బెల్పర్‌లో 1768లో పుట్టిన శామ్యూల్ స్లేటర్ నూలుమిల్లులో పని నేర్చాడు. యంత్రాల కిటుకు దేశం దాటకూడదని చట్టం ఉన్న రోజులు. ఆ కిటుకంతా తలలో పెట్టుకుని 1789లో అమెరికాకు ఓడెక్కాడు. మరుసటి సంవత్సరం రోడ్ ఐలండ్‌లోని పాటకెట్‌లో నీటి బలంతో నూలు వడికే యంత్రాలు నడిపాడు. అమెరికా ఆయన్ని తన పరిశ్రమలకు తండ్రి అంది. ఆయన పేరున స్లేటర్స్‌విల్ అనే ఊరే ఉంది. స్వదేశంలో మాత్రం ద్రోహి అన్నారు.

ఫిలిప్ లట్లీ స్క్లేటర్ పక్షుల శాస్త్రవేత్త. మడగాస్కర్‌లోని లీమర్లకూ మన అడవుల్లోని దేవాంగపిల్లి జాతికీ ఉన్న చుట్టరికం ఎలా వచ్చిందా అని ఆలోచించి, 1864లో ఒక మునిగిన ఖండాన్ని ఊహించి దానికి లెమూరియా అని పేరు పెట్టాడు. ఆ ఊహను తర్వాతి భూగర్భ శాస్త్రం కొట్టేసింది. మునిగిన ఖండం లేదు, భూభాగాలే విడిపోయి జరిగాయి. తమిళనాట మాత్రం అది కుమారి కండం కథతో కలిసి ఇప్పటికీ బతికే ఉంది. ఆ భూములు కదలకముందే పుట్టినదాన్ని కాబట్టి నాకు ఆయన ఊహ మీద ప్రత్యేకమైన ఇష్టం. వలసలతో ఆస్ట్రేలియాకు చేరిన కొమ్మల్లో క్రికెట్ చూసేవాళ్ళకు తెలిసిన పేరొకటుంది, 1993లో లార్డ్స్‌లో 152 కొట్టిన ఓపెనర్ మైకేల్ స్లేటర్.

శామ్యూల్ స్లేటర్ దగ్గర నేను కాసేపు ఆగాలి. పాటకెట్‌లో ఆయన మొదట పనిలో పెట్టుకున్నది తొమ్మిది మంది పిల్లల్ని. ఏడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు వాళ్ళు. ఇది విన్నప్పుడు నాకు మార్కాపురం షెడ్లు గుర్తుకొచ్చాయి. బడి పలకలకు చట్రాలు బిగించే చేతుల్లో, ముక్కలు మోసే చేతుల్లో బడికి పోవాల్సిన వయసు పిల్లలవీ ఉండేవి. వాళ్ళు చేసిన పలక ఎక్కడో ఇంకో పిల్లవాడి సంచిలోకి పోయేది. నేను అలా పోయినదాన్నే. 1987 జాతీయ బాలకార్మిక విధానం తర్వాత, పిల్లల్ని పని మాన్పించి చదివించే ప్రాజెక్టులు మొదలుపెట్టిన చోట్లలో మార్కాపురం ఒకటి. 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు బాలకార్మికులపై తీర్పిస్తూ ముందుగా దృష్టి పెట్టాల్సిన పరిశ్రమల్లో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు, మొరాదాబాద్ ఇత్తడితో పాటు మార్కాపురం పలకల్నీ పేరు పెట్టి చెప్పింది. పనిలో పెట్టుకున్న ఒక్కో బిడ్డకూ యజమాని 20,000 రూపాయలు కట్టాలంది. దేశపు అత్యున్నత న్యాయస్థానం కాగితాల్లో నా ఊరు ఎక్కింది ఆ కారణంగా. దాన్ని నేను మరవలేను.

ఇక దుమ్ము. నన్ను కోస్తే, రుద్దితే లేచే పొడిలో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటికి రాదు, అక్కడ మచ్చకట్టి గాలిని అడ్డుకుంటుంది. దాన్ని సిలికోసిస్ అంటారు. నయం చేసే మందు లేదు. నీళ్ళు చల్లుతూ కొయ్యడం, దుమ్ము లాగే యంత్రం పెట్టడం, సరైన మాస్కు ఇవ్వడం, ఇవే దారులు. పంతులుగారి అన్న దగ్గుతూ దగ్గుతూ పోయాడు. పలకల పని వల్ల అని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఏ కాగితంలోనూ లేదు.

నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక బడిలో నాకు చోటు తగ్గింది. మా రాయి ఇప్పుడు నేలలకూ గోడలకూ పోతుంది, ఓడలెక్కి విదేశీ ఇళ్ళ కప్పులకూ పోతుంది.

ఈ మధ్య మనవరాలికి వంశవృక్షం గియ్యమని కాలేజీలో పని ఇచ్చారు. పేరు, ఊరు అని రెండు గడులు గీసుకొచ్చింది. పంతులుగారు మూడో గడి గియ్యమన్నాడు. "ఆరువందల ఏళ్ళ కిందట వాళ్ళ చట్టమే పేరు పక్కన పని రాయమంది. మనమూ రాద్దాం." ముత్తాత పేరు పక్కన 'పలకలు చీల్చేవాడు' అని రాయించాడు. అన్న పేరు పక్కన 'గని కూలీ, పలకల దుమ్ముతో చనిపోయాడు' అని రాయించాడు. ఇంట్లో ఆడవాళ్ళు ఏం పని చేశారని ఆ పిల్ల అడిగింది. చట్రాలు బిగించేవాళ్ళు, ముక్కలు మోసేవాళ్ళు అని ఒక్కొక్కరినీ గుర్తు చేసుకుని చెప్పాడు. కాగితం సరిపోలేదు. తర్వాత పక్కింటివాళ్ళ పేర్లు కూడా అడగడం మొదలుపెట్టింది. ఇప్పుడు ప్రతి ఆదివారం మార్కాపురంలోని ఆ పాత వీధికి ఫోన్ చేసి, ఎవరు ఏ గనిలో ఎన్నేళ్ళు చేశారో అడిగి రాసుకుంటున్నది.